అబోరిజినల్ రాతి చిత్రాల్లో జంట బొమ్మలు: వాళ్లెవరు, పక్కపక్కన ఎందుకు ఉన్నారు?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఆస్ట్రేలియా అబోరిజినల్ రాతి చిత్రాల్లో మనుషుల్లాంటి రెండు బొమ్మలు పక్కపక్కనే నిలబడి చాలాచోట్ల కనిపిస్తాయి కదా, వాళ్లు మన అశ్వినీ దేవతల్లాంటి కవలలా, భార్యాభర్తలా, లేక యూట్యూబ్ వీడియోల్లో చెప్తున్నట్టు గ్రహాంతరవాసులా అన్నది మొదటిది. త్వరలో మెల్‌బోర్న్ వస్తున్నారు కాబట్టి దగ్గర్లో ఏం చూడొచ్చన్నది రెండోది. నేను ఇక్కడ రాతి చిత్రాల రికార్డింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఫొటోలు తీయడం, కొలవడం, ఏ రంగు మీద ఏ రంగు పడిందో రాసుకోవడం, ఆ నేల పెద్దలు చెప్పింది చెప్పినట్టు నమోదు చేయడం, ఇదీ మా పని. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు సూటిగా జవాబు. వాళ్లు గ్రహాంతరవాసులు కారు. కవలలని తేల్చేయడానికీ తొందర పడకండి. కథ తెలిసిన చాలా చోట్ల ఆ ఇద్దరి మధ్య ఒక వరస ఉంటుంది. అన్నదమ్ములు కావచ్చు, అక్కచెల్లెళ్లు కావచ్చు, అన్నాచెల్లెలు కావచ్చు, మొగుడూ పెళ్లాలు కావచ్చు, పిల్లనిచ్చి పుచ్చుకునే రెండు పక్షాలు కావచ్చు. కథలో అసలు సంగతి ఆ వరసే. అది నిలబడిందా, తప్పిందా, తప్పితే ఏమైంది అన్నదాని చుట్టూనే కథ నడుస్తుంది. అయితే ఆ వరస ఏమిటో గోడ చూసి చెప్పలేం. ఆ నేల మనుషులు చెప్తేనే తెలుస్తుంది. కింద రాసేదంతా దీనికి ఉదాహరణలే.

జంట బొమ్మలు అనగానే మా రంగంలో అందరికీ ముందు గుర్తొచ్చేది మెరుపు సోదరులు. నార్తర్న్ టెరిటరీలో కేథరిన్ పట్టణానికి నైరుతి దిక్కున వార్దమన్ ప్రజల నేల ఉంది. పశువులను పెంచే విశాలమైన ఎస్టేట్లను ఇక్కడ స్టేషన్లు అంటారు. అక్కడ డెలమియర్ అనే పశువుల స్టేషన్‌లో, చదునైన మైదానం మధ్య ఇసుకరాతి బండలు లేచి ఉంటాయి. ఆ చోటి పేరు యివార్లార్లే. ఒక బండ గోడ మీద ఇద్దరు మనిషి కంటే ఎత్తుగా, మనకు ఎదురుగా నిలబడి ఉంటారు. ఒళ్లంతా పైనుంచి కిందికి నిలువు చారలు. గుండ్రటి కళ్లు, వాటి మధ్య నుంచి దిగిన ముక్కు. నోరు లేదు. తల మీద కొమ్ముల్లా పైకి పొడుచుకొచ్చిన శిరోభూషణం. ఇద్దరినీ ఒకే పద్ధతిలో గీశారు కానీ ఇద్దరూ ఒకటి కాదు. ఒకడు యగ్జగ్బుల. ఇంకొకడు జబిర్రింగ్గి.

జబిర్రింగ్గి అన్న. అతని భార్య పేరు గుల్లిరిడన్. యగ్జగ్బుల తమ్ముడు, పొడగరి, అందగాడు. వదిన మీద మనసు పడ్డాడు. ఆ సంగతి అన్నకు తెలిసింది. ఇద్దరూ యివార్లార్లే దగ్గర తలపడ్డారు. ఆ పోరులో మెరుపులు మెరిశాయి, ఉరుములు ఉరిమాయి, వాన కురిసింది, బండ రెండుగా చీలింది. కప్పలు వచ్చి పోరు చూస్తూ తాళం వేశాయి. చీలిన ఆ బండ ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరు గెలిచారు, దెబ్బ ఎక్కడ తగిలింది అన్నది చెప్పేవాళ్లను బట్టి కాస్త మారుతుంది. అలా మారడం తప్పేమీ కాదు. కథ చెప్పే హక్కు ఎవరికి ఎంతవరకు ఉందో అంతవరకే చెప్తారు. బయటివాళ్లకు చెప్పే కథ వేరు, దీక్ష పొందినవాళ్లకు చెప్పేది వేరు. పుస్తకాల్లో మనం చదివేది బయటికి చెప్పదగ్గ కథ మాత్రమే.

ఇక్కడొకటి గమనించండి. ఉత్తర ఆస్ట్రేలియాలో వానాకాలానికి ముందు వారాల తరబడి ఉక్కపోత. సాయంత్రం అయ్యేసరికి ఆకాశం చిట్లినట్టు మెరుపులు. వాన ఎప్పుడొస్తుందా అని మనుషులూ జంతువులూ ఎదురుచూసే రోజులవి. కప్పలు అరిచాయంటే నీళ్లు వచ్చినట్టే. ఆ కథలో ఉన్నవన్నీ, అంటే మెరుపు, ఉరుము, చీలిన బండ, కప్పలు, ఆ నేల మీద ఆ రోజుల్లో కళ్ల ముందు కనిపించేవే. కాకపోతే వాటన్నిటినీ కదిలించింది అన్నదమ్ముల మధ్య తెగిన కట్టుబాటు. వదిన విషయంలో తమ్ముడు గీత దాటాడు, ఆకాశం బద్దలైంది. వాన రావడానికీ కుటుంబంలో తప్పు జరగడానికీ అంత దగ్గర సంబంధం ఎందుకని మొదట్లో నాకు అంతుపట్టలేదు. వార్దమన్ పెద్దలు చెప్పేది వింటూ పోగా అర్థమైంది, అవి వాళ్లకు రెండు వేర్వేరు విషయాలు కావు.

వార్దమన్ వాళ్లు రాతి మీది బొమ్మలను రెండు రకాలుగా చూస్తారు. కొన్నిటిని బువార్రజ అంటారు. ఆదికాలపు జీవులు తిరిగి తిరిగి చివరికి ఆ రాతిలోకి వెళ్లిపోయారు, గోడ మీద ఉన్నది వాళ్లే. వాటిని ఎవరూ వేయలేదు. మిగతావి బులావుల, అంటే మనుషులు వేసినవి. మెరుపు సోదరులు మొదటి రకం. ఫొటో తీసుకుని దీన్ని ఎవరు వేశారని అడిగితే అక్కడి పెద్దవాళ్లకు అది అర్థం లేని ప్రశ్నలా వినిపిస్తుంది. అదే బొమ్మకు మళ్లీ రంగు అద్దింది ఎవరంటే, ఆ పని చేసిన మనిషి గురించి చెప్తారు. ఈ రెంటికీ మధ్య వాళ్లకు వైరుధ్యం ఏమీ కనిపించదు.

మీరు బహుశా ఊహించనిది ఇంకొకటి ఉంది. ఈ బొమ్మలు వేల ఏళ్లనాటివి కావు. 1980ల చివర్లో, 1990ల మొదట్లో పురావస్తు పరిశోధకులు వార్దమన్ పెద్దలతో కలిసి ఆ బండల దగ్గర తవ్వారు. బొమ్మలకు రంగు తీసే మట్టిరాళ్ల ముక్కలు పైపొరల్లోనే ఎక్కువగా దొరికాయి. అంటే ఆ చోట బొమ్మలు వేయడం జోరందుకున్నది ఇటీవలి శతాబ్దాల్లో. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కూడా వేస్తూనే ఉన్నారు, పాతవాటికి రంగు అద్దుతూనే ఉన్నారు. ఆ కాలంలో పశువుల స్టేషన్లు వచ్చి వాళ్ల నేలను ఆక్రమించాయి, ప్రాణాలు పోయాయి, బతికినవాళ్లు స్టేషన్లలో పనికి కుదిరారు. అలాంటి రోజుల్లో తమ నేల మీద తమ ఆదిపురుషులను అంత పెద్దగా, అంత కొట్టొచ్చినట్టు నిలబెట్టారు. కొత్తది కదా అని విలువ తగ్గించి చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పాతదైతేనే గొప్పదన్న లెక్క మనది, వాళ్లది కాదు.

ఇక పనిలోకి వస్తే, గోడ మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన జంట అనుకోకూడదు. ఒకే గోడ మీద వేల ఏళ్ల తేడాతో వేసినవి పక్కపక్కన ఉంటాయి. చోటు దొరికిన దగ్గర వేశారు, అంతే. అందుకే మేం ముందు కొన్ని విషయాలు చూస్తాం. రెండిటికీ రంగు ఒకటేనా? తెలుపులో తేడా ఉందా, ఎరుపు రాతిలోకి ఎంత ఇంకింది? కుంచె వెడల్పు, గీత తీరు ఒకటేనా? ఒక బొమ్మ చెయ్యి ఇంకో బొమ్మ మీదికి వచ్చిన చోట ఏది పైన ఉంది? రెండిటి కిందా ఉన్న పాత బొమ్మ ఒకటేనా? పెచ్చులూడిన తీరు, కందిరీగ గూళ్లు, నీటి మరకలు రెండిటి మీదా ఒకేలా ఉన్నాయా? మామూలు కంటికి ఆనని రంగుల కోసం డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. ఫొటోలో రంగుల మధ్య తేడాను అది బాగా పెంచి చూపిస్తుంది. ఖాళీ గోడ అనుకున్న చోట ఒక్కోసారి నిలువెత్తు మనిషి బయటపడతాడు. ఒంటరి అనుకున్న బొమ్మ పక్కన వెలిసిపోయిన రెండోది కనిపిస్తుంది. ఆ క్షణం ఎన్నిసార్లు వచ్చినా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత చూసేది, అదే కూర్పు ఇంకెక్కడైనా ఉందా అన్నది. ఒక గుహలో ఇద్దరు చారల మనుషులు ఉంటే అది యాదృచ్ఛికం కావచ్చు. వార్దమన్ నేలలో చాలా గుహల్లో చారల బొమ్మలు జంటలుగానే కనిపిస్తాయి, ఒకదాని కంటే ఇంకొకటి కాస్త పెద్దదిగా. అప్పుడు అది ఆ ప్రాంతపు పద్ధతి అని నమ్మకంగా చెప్పగలం. అయినా అవన్నీ మెరుపు సోదరులే అనుకోవడానికి వీల్లేదు. ఒక్కో చోట ఒక్కో పేరు, ఒక్కో కథ. రూపం ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటి కారు.

అక్కడి నుంచి ఈశాన్యంగా కకాడు వెళ్దాం. ప్రపంచ వారసత్వ స్థలం, చాలామంది మనవాళ్లు డార్విన్ ట్రిప్‌లో చూసే ఉంటారు. బుర్రుంగ్‌కుయ్ అనే కొండ దగ్గర, పాత బోర్డుల్లో నోర్లాంజీ అని రాసి ఉంటుంది, అన్‌బంగ్‌బంగ్ చిత్రశాల ఉంది. అక్కడ కుడివైపు పైన ఉన్న తెల్లటి బొమ్మ నమార్గోన్, మెరుపు మనిషి. దగ్గరగా చూడండి. చేతుల నుంచి తల మీదుగా కాళ్ల దాకా ఒక పట్టీ అతని చుట్టూ వంపు తిరిగి ఉంటుంది. అది అతను పుట్టించే మెరుపు. మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర చిన్న చిన్న రాతి గొడ్డళ్లు. వాటితో మబ్బులను కొడతాడు, ఉరుము వస్తుంది. అతని భార్య బర్గింజ్ కూడా అదే గోడ మీద ఉంది. వాళ్ల పిల్లలు అల్యుర్, అంటే నారింజ, నీలం రంగుల్లో మెరిసే ఒక రకం మిడతలు. ఆ మిడతలు కనిపించేది తుఫాను మబ్బులు కమ్మే రోజుల్లోనే. అమ్మానాన్నలను పిలుస్తూ వస్తాయని అక్కడి బినింజ్ ప్రజలు చెప్తారు. ఆ మిడతను నేరుగా చూడడం అదృష్టం, అంత అరుదు.

అదే గోడ మధ్యలో ఇంకో పెద్ద బొమ్మ ఉంది, నమోంజోక్. మీ ప్రశ్నకు నమార్గోన్ కంటే ఇతనే ముఖ్యం. చెల్లెలి వరస అయిన మనిషితో వరస తప్పాడు. బినింజ్ కట్టుబాట్లలో అది చాలా పెద్ద తప్పు. ఇప్పుడు అతను ఆకాశంలో ఉన్నాడు, పాలపుంతలో నల్లటి మచ్చగా రాత్రిపూట మాత్రమే కనిపిస్తాడు. ఆ కొండ అంచున ఒంటరిగా నిలబడ్డ పెద్ద బండను చూపించి, తప్పు జరిగాక ఆమె శిరోభూషణం నుంచి అతను తీసుకున్న ఈక అదేనని చెప్తారు. అంటే ఈ జంటలో ఒకరు గోడ మీద, గుర్తు కొండ మీద, శిక్ష ఆకాశంలో. గోడ ఫొటో ఒక్కటే చూసేవాళ్లకు ఇది జంట కథ అని కూడా తెలియదు. కింద వరసగా నిలబడ్డ ఆడవాళ్లూ మగవాళ్లూ ఏదో ఉత్సవానికి ముస్తాబైనట్టు ఉంటారు. కొందరు ఆడవాళ్ల రొమ్ముల మీద చిన్న గీతలు, పాలు ఉన్నాయని చూపడానికి.

ఈ గోడ మీది బొమ్మలకు ఇప్పుడు కనిపిస్తున్న రూపం 1963-64 ప్రాంతంలో వచ్చింది. నయోంబోల్మి అనే గొప్ప చిత్రకారుడు వాటిని మళ్లీ వేశాడు. అతను 1967లో చనిపోయాడు. అతను వేసినవిగా గుర్తించినవి ఆ ప్రాంతంలో వందల్లో ఉన్నాయి. వెలిసిపోతున్న బొమ్మకు మళ్లీ ప్రాణం పోయడం అక్కడ చెరపడం కాదు, బాధ్యత. కాకపోతే ఎవరు పడితే వాళ్లు చేయకూడదు. ఆ నేలతో, ఆ కథతో వరస కలిసినవాళ్లే చేయాలి. ఇరవయ్యో శతాబ్దంలో వేసిన కొన్ని కకాడు బొమ్మల్లో బట్టలకు పెట్టే నీలిమందు కూడా వాడారు. రాతిలో దొరకని రంగు చేతికి దొరికింది, వాడారు. అందులో ఎబ్బెట్టు ఏముంది?

కకాడులోనే ఉబిర్ అనే చోట నమార్గర్న్ అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఇద్దరూ చేతుల్లో తాడు బిగించి పట్టుకుని ఉంటారు. వాళ్ల ఇల్లు నక్షత్రాల్లో. అక్కడి నుంచి తాడు వదిలి దాని మీదుగా దిగి వచ్చి మనుషులకు జబ్బు చేయించగలరట. పిల్లలకు చెప్పే కథ ఇంకొకటి ఉంది. ఒకామె మొసలిగా మారి నీళ్లలో దాక్కుని రెండో ఆమెను హడలగొట్టింది. తర్వాత రెండో ఆమె కూడా అదే చేసింది. చివరికి ఇద్దరికీ మొసలి రూపమే నచ్చింది. ఆ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉంటాయి, ఒడ్డు పక్కన కదలకుండా పొంచి ఉంటాయి. ఆ కథ విన్న పిల్ల నీటి అంచున ఏమరుపాటుగా కూర్చోదు.

అదే ఉబిర్‌లో, మనిషి చెయ్యి అందనంత ఎత్తున వేలాడే బండ లోపలివైపు ఎర్రటి బొమ్మలు ఉన్నాయి. అవి మిమిలు అనే ఆత్మలు వేసినవని అక్కడివాళ్లు చెప్తారు. మిమిలు గాలికి మెడ విరిగేంత సన్నగా ఉంటారు, రాతి పగుళ్లలో బతుకుతారు, వేటాడడం, బొమ్మలు వేయడం మనుషులకు నేర్పింది వాళ్లే. బండను కిందికి లాగి, బొమ్మ వేసి, మళ్లీ పైకి నెట్టేశారట. క్వీన్స్‌లాండ్‌లో లారా దగ్గరి క్వింకన్లు అనే ఆత్మలదీ దాదాపు ఇదే కోవ, కాకపోతే అక్కడ రెండు జాతులు. టిమార అనేవాళ్లు పొడుగ్గా సన్నగా ఉండి చెట్ల మధ్య, పగుళ్లలో దాక్కుంటారు, అల్లరి చేసినా మనుషులకు మేలు చేస్తారు. ఇమ్జిమ్‌లు పొట్టిగా లావుగా ఉండే చెడ్డవాళ్లు. ఆ రెండూ పక్కపక్కన కనిపిస్తే అది అన్నదమ్ముల జంట కాదు.

ఇప్పుడు వరసల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్లకు ఇది ఇంగ్లిష్‌వాళ్ల కంటే తొందరగా ఎక్కుతుంది. మనకు మేనత్త కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న. ఒకరితో పెళ్లి చేయొచ్చు, ఇంకొకరితో ఆ మాటే ఎత్తకూడదు. ఇంగ్లిష్‌లో ఇద్దరూ కజిన్లే. అబోరిజినల్ సమాజాల్లోనూ ఇలాంటి విభజనే ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కరియెర ప్రజల బంధుత్వ పద్ధతికీ ద్రావిడ పద్ధతికీ ఉన్న పోలికను మానవశాస్త్రం ఎప్పటి నుంచో చర్చిస్తోంది. దానర్థం వాళ్లూ మనమూ ఒకటే జాతి అని కాదు. ఆ రకం వాట్సాప్ మెసేజ్‌లు నమ్మకండి. అయితే వాళ్ల దగ్గర వరస కుటుంబంతో ఆగిపోదు. మనుషులూ, జంతువులూ, గాలులూ, చోట్లూ అన్నీ రెండు పక్షాలుగా పంచి ఉంటాయి. కకాడు, ఆర్నెమ్ ల్యాండ్ ప్రాంతంలో ఆ పక్షాలు దువా, యిర్రిజ. మనిషి తన పక్షంలో పెళ్లాడడు, అవతలి పక్షంలోంచే తెచ్చుకోవాలి. ఏ బొమ్మ ఎవరు వేయొచ్చన్నదీ దీన్ని బట్టే ఉంటుంది. రెండు బొమ్మలు పక్కపక్కన కనిపించినప్పుడు వీళ్లు ఏ పక్షం వాళ్లని అక్కడి మనిషి మనసులో మొదట మెదలడం సహజం.

పక్షాల కథ బాగా స్పష్టంగా కనిపించేది ఆస్ట్రేలియా వాయవ్య మూలన ఉన్న కింబర్లీలో. నారిన్యిన్ ప్రజలకు రెండు పక్షాలు, వాటి మూలపురుషులు వొదోయ్, జుంగున్ అనే రెండు రాత్రి పక్షులు. వాళ్లిద్దరూ ఒక పవిత్ర వస్తువు విషయంలో గొడవపడ్డారు. ఆ గొడవ తీరాక ఒకరి పిల్లను ఇంకొకరు చేసుకునే కట్టుబాటు పుట్టింది, దాంతోపాటే ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అంతా. మెరుపు సోదరుల గొడవలో కట్టుబాటు తెగింది, ఈ గొడవతో కట్టుబాటు మొదలైంది. గోడ మీద ఇద్దరు ఎదురెదురుగా ఉన్నారంటే కేవలం శత్రువులు అనుకోకూడదు అనేది ఇందుకే.

గ్రహాంతరవాసుల గోల మొదలైంది కూడా కింబర్లీ బొమ్మల నుంచే. వాంజినలు అని నారిన్యిన్, వొరోర, వునంబల్ ప్రజల వాన దేవతలు. తెల్లటి ముఖం, పెద్ద నల్లటి కళ్లు, ముక్కు, నోరు ఉండదు, తల చుట్టూ వలయం. వీడియోలవాళ్లు ఆ వలయాన్ని హెల్మెట్ అంటారు. అది మబ్బు. అందులోంచి బయటికి వచ్చే గీతలు మెరుపులు. నోరు ఎందుకు లేదంటే, ఉంటే వాన ఆగకుండా కురుస్తుందని కొందరు పెద్దలు చెప్తారు. 1838లో జార్జ్ గ్రే అనే ఇంగ్లిష్ అన్వేషకుడు వీటిని చూసి, ఇవి ఇక్కడివాళ్లు వేసినవి కావన్నాడు. ఆ మనుషులకు అంత చేతకాదన్న చిన్నచూపు అది. అరబ్బులు వేశారని ఒకరు, ఇంకెవరో వేశారని ఇంకొకరు చెప్పుకుంటూ పోయారు. ఆ వరసలో చివరిది గ్రహాంతరవాసులు. ఈ సిద్ధాంతం వినడానికి సరదాగా ఉంటుంది, కానీ దాని పునాది మాత్రం ఆ చిన్నచూపే. వాంజినలను ఇప్పటికీ వేసే కుటుంబాలు డెర్బీ దగ్గర మొవాంజమ్‌లో ఉన్నాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో లేచి నిలిచిన పెద్ద వాంజినను రూపొందించింది వాళ్లలో ఒకరైన డానీ వూలగూజా. వేసిన చేతులు కళ్లెదుట ఉండగా ఆకాశం వైపు చూడడం ఎందుకు?

వాంజినల పక్కన ఒక్కోచోట గుడ్లగూబ ఉంటుంది, దుంబి. పిల్లలు దాని ఈకలు పీకి హింసించారు. వాంజిన ఆగ్రహించి వరద పంపాడు. కంగారూను పట్టుకుని ఇద్దరు పిల్లలు మాత్రం బయటపడ్డారు. మనుషులు మళ్లీ మొదలైంది ఆ ఇద్దరి నుంచి. గిబ్ రివర్ ప్రాంతంలోని వనలిర్రి గుహ ఈ కథ చోటు.

అదే కింబర్లీలో గ్వియోన్ గ్వియోన్ బొమ్మలు ఉన్నాయి. 1891లో వాటిని చూసిన బ్రాడ్‌షా అనే పశువుల స్టేషన్ యజమాని పేరు మీద చాలాకాలం బ్రాడ్‌షా బొమ్మలు అన్నారు. సన్నటి ఎర్రటి మనుషులు, నడుముకు కుచ్చులు, పొడుగాటి శిరోభూషణాలు. ఒక పక్షి ముక్కుతో రాతిని పొడిచి పొడిచి, ఆ నెత్తుటితో వాటిని గీసిందని నారిన్యిన్ పెద్దలు చెప్తారు. వాటి మీద, కింద ఉన్న కందిరీగ మట్టి గూళ్లను పరీక్షించి, వాటిలో చాలావరకు సుమారు 12,000 ఏళ్ల కిందటివని 2020లో తేల్చారు. కింబర్లీలోనే ఒక కంగారూ బొమ్మ 17,000 ఏళ్లకు పైబడినదని 2021లో తేలింది. ఇంత పాతవాటిలో ఇద్దరు పక్కపక్కన కనిపిస్తే నేను రాసుకునేది ఒకటే: ఒకే రంగు, ఒకే చేతివాటం, ఇద్దరు. అన్నదమ్ములు అని రాయను, దంపతులు అని రాయను. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను.

అశ్వినీ దేవతలతో పోల్చారు కాబట్టి ఒక మాట. పోలిక వెతకడం తప్పు కాదు. మనం కృత్తికలు అనే నక్షత్రాల గుంపును అబోరిజినల్ ప్రజలు చాలాచోట్ల ఏడుగురు అక్కచెల్లెళ్లు అంటారు, వెంటపడే మగాడి నుంచి పారిపోతున్న అక్కచెల్లెళ్లు. మధ్య ఎడారిలో వాలిన్యింగ అనే గుహలో ఆ కథ రాతి మీద ఉంది. కృత్తికలను ఆడవాళ్లుగా చూడడం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది కాబట్టి ఆ పోలిక గురించి ఆలోచించొచ్చు. అశ్వినీ దేవతలకూ మెరుపు సోదరులకూ మాత్రం ఇద్దరు అన్న సంఖ్య తప్ప ఏమీ కలవదు. వాళ్లు వైద్యులు, కలిసి తిరిగేవాళ్లు. వీళ్లు ఒక స్త్రీ కోసం కొట్టుకున్నవాళ్లు.

ఇక మీ ట్రిప్. కకాడు, కింబర్లీ మెల్‌బోర్న్‌కి చాలా దూరం, విమానం ఎక్కాల్సిందే. యివార్లార్లే స్టేషన్ భూమిలో ఉంది, అనుమతి లేకుండా వెళ్లే చోటు కాదు. మెల్‌బోర్న్ నుంచి కారులో సుమారు మూడు గంటల్లో చేరేది స్టావెల్ దగ్గరి బంజిల్ గుహ. దాన్ని తప్పకుండా చూడండి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో బంజిల్ సృష్టికర్త, గద్ద రూపం. మెల్‌బోర్న్ చుట్టుపక్కల కులిన్ ప్రజలకు రెండు పక్షాలు: గద్ద పక్షం బంజిల్, కాకి పక్షం వా. డాక్‌లాండ్స్ రోడ్డు మీద 25 మీటర్ల తెల్ల గద్ద విగ్రహం ఉంటుంది, అది ఇతనే. గుహలో మాత్రం మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు, పక్కన రెండు కుక్కలు. బంజిల్ బొమ్మ ఉన్న గుహ ఇంకెక్కడా తెలియదు. ఒక దశలో ఇది అసలు అబోరిజినల్ బొమ్మేనా అని అధికారులకే అనుమానం వచ్చింది. రంగుల పరీక్ష చేశాకే అది తీరింది. బొమ్మ చిన్నది, ముందు ఇనుప కంచె ఉంది. పెద్ద గోడ ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు. కాసేపు నిలబడి కళ్లు అలవాటు పడనివ్వండి.

పక్కనే గరివెర్డ్, మ్యాపుల్లో గ్రాంపియన్స్ అని కూడా ఉంటుంది. విక్టోరియాలోని రాతి చిత్రాల్లో అత్యధిక భాగం అక్కడే ఉన్నాయి. జనానికి చూపించే చోట్లలో గుల్గర్న్ మంజలో ఎర్రటి చేతి ముద్రలు ఉంటాయి, కొన్ని చిన్నపిల్లలవి. న్గమజిజ్‌లో తెల్లటి మనుషులు ఉంటారు, జంట బొమ్మల కోసం అక్కడ ఓపిగ్గా చూడండి, నేను పైన చెప్పిన రంగు, గీత పరీక్ష మీరే చేసి చూడొచ్చు. కార్చిచ్చుల వల్ల ఆ దారులు మూతపడుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో ఏది తెరిచి ఉందో చూసుకోండి.

వెళ్లినప్పుడు బొమ్మను వేలితో కూడా తాకకండి, చర్మం మీది జిడ్డు రాతికి అంటుతుంది. రంగు బాగా కనిపిస్తుందని కొందరు నీళ్లు చల్లుతారు, ఒకప్పుడు ఫొటోల కోసం బాగానే చల్లేవాళ్లు, ఎన్నో బొమ్మలు అలా పాడయ్యాయి. ఫొటో తీయొద్దని బోర్డు ఉంటే తీయకండి. తీయనిచ్చిన చోట కూడా ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు ఆ చోటి పేరు, ఆ ప్రజల పేరు రాయండి, మారుమూల చోట్ల లొకేషన్ మాత్రం పెట్టకండి. వీలైతే అక్కడి అబోరిజినల్ గైడ్‌తో వెళ్లండి. ఆయనో ఆమో ఒక కథ సగంలో ఆపేస్తే మిగతాది అడగొద్దు. ఏ చోట ఫొటోలు తీశారో తర్వాత ఇక్కడ రాస్తే, గోడ మీద ఏ బొమ్మ ముందుది, ఏది తర్వాతది అన్నంత వరకు నేను చూసి చెప్తాను.